డ్రాఫ్టే నిజం, ఫైనల్ అంతా మేకప్

లేటెక్‌లో, అంటే కమాండ్లు టైపు చేస్తే పేజీలు కూర్చిపెట్టే సాఫ్ట్‌వేర్‌లో, థీసిస్ రాస్తున్న వాళ్లందరికీ విన్నపం. ఫైలు మొదట్లో ఉండే డాక్యుమెంట్‌క్లాస్ లైన్లో పెట్టుకున్న 'డ్రాఫ్ట్' అనే మాటను తీసేయకండి, అలాగే సమర్పించేయండి.

డ్రాఫ్ట్ పెడితే ఏమవుతుంది? మార్జిన్ దాటి పొడుచుకొచ్చిన ప్రతి లైను చివరా ఒక నల్లటి కడ్డీ పడుతుంది. బొమ్మలుండాల్సిన చోట ఖాళీ పెట్టెలు, వాటిలో ఫైలు పేర్లు, "గ్రాఫ్-సార్-చెప్పాక-మళ్లీ-మార్చింది" లాంటివి. పరిశోధన ఎలా సాగిందో ఎగ్జామినర్‌కి ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు? ఆ మాటను 'ఫైనల్' అని మార్చగానే కడ్డీ మాయం. లైను మాత్రం మార్జిన్ బయటే నిలబడి ఉంటుంది, లేటెక్ హెచ్చరికలు రాసుకునే లాగ్ ఫైలు 'ఓవర్‌ఫుల్ హెచ్‌బాక్స్', అంటే లైను పట్టలేదు, అని గొణుగుతూనే ఉంటుంది, లాగ్ ఎవరు చూడొచ్చారు గనక. అంటే తప్పు పోలేదు, తప్పును చూపించే వేలు పోయింది. మన ఆఫీసులు నడిచేదీ ఇలాగే కాబట్టి దీన్ని తప్పుపట్టలేం.

పైగా డ్రాఫ్ట్ అని అక్కడ ఒక్కసారి అంటే చాలు, కింద లేటెక్‌కి తగిలించుకున్న అదనపు పనిముట్లు, అదే ప్యాకేజీలన్నీ వినేస్తాయి. గ్రాఫిక్స్‌ఎక్స్ బొమ్మలు మానేస్తుంది, హైపర్‌రెఫ్ లింకులు తీసేస్తుంది, మైక్రోటైప్ అయితే ఏకంగా పడుకుంటుంది. అక్షరాల వెడల్పును కంటికి తెలియనంతగా సర్ది లైన్లు కుదిర్చేది అదే, అది పడుకుంటే లైన్లు ఇంకోచోట విరుగుతాయి, పేజీలు జరిగిపోతాయి. రాత్రంతా కూర్చుని డ్రాఫ్ట్‌లో కడ్డీలన్నీ పోగొట్టిన మహానుభావుడు పొద్దున్నే ఫైనల్ పెడితే తేలేదేమిటంటే, అంతసేపూ సరిచేసింది వేరే పుస్తకాన్ని. మైక్రోటైప్‌కి విడిగా ఫైనల్ అని ఇచ్చుకోవచ్చు. ఆ సంగతి మాన్యువల్‌లో ఉంది, కాబట్టి భద్రంగా ఉంది.

మాస్టార్లది మరీ సాహసం. ప్రశ్నపత్రాల కోసం లేటెక్‌లో 'ఎగ్జామ్' అనే డాక్యుమెంట్ క్లాసు ఉంది, అందులో ప్రింట్‌ఆన్సర్స్ అని ఒక కమాండు. అది ఉంటే జవాబులతో సహా వస్తుంది, దాని ముందు శాతం గుర్తు పెడితే లేటెక్ ఆ కమాండును పట్టించుకోదు, ఉత్త ప్రశ్నపత్రం వస్తుంది. పేపర్ లీకులంటే ఇంత టెన్షన్ పడే దేశంలో, సీల్డు కవర్లూ సీసీ కెమెరాలూ పెట్టుకున్నాక, ప్రశ్నకీ జవాబుకీ మధ్య కాపలా ఎవరయ్యా అంటే ఒక శాతం గుర్తు!

ఈ స్విచ్‌లేవీ నమ్మని జాగ్రత్తపరులు టెస్ట్‌కి ఒక ఫైలు, అసలుకి ఒక ఫైలు పెట్టుకుంటారు. వారం తిరిగేసరికి సవరణలన్నీ టెస్ట్‌లో, గైడు సంతకం అసలుదాని మీద. న్యూఇఫ్ అని సొంత స్విచ్ చేసుకునే కమాండు ఒకటుంది, ఒక్క లైన్లో టెస్ట్‌ట్రూని టెస్ట్‌ఫాల్స్ చేస్తే ఒకే ఫైలు రెండు పనులూ చేస్తుంది అని చెప్పి చూడండి. "అదంతా తర్వాత నేర్చుకుంటాలే అన్నా, ముందు ఈ రెండిట్లో ఏది కొత్తదో కాస్త చూసిపెట్టు" అంటారు.