సీనియర్ అడిగితే పరువు పోతుందట

ఈ ఫార్వర్డ్ మెసేజ్ నాకు రావడం ఈ వారంలో ఇది మూడోసారి. మొదట కాలేజీ బ్యాచ్ గ్రూపులో, తర్వాత పాత ఆఫీసు గ్రూపులో, ఇవాళ పొద్దున్నే మా బావమరిది నుంచి. "పదేళ్లు దాటిన డెవలపర్‌కి ఆన్‌లైన్ కమ్యూనిటీలు దండగ" అని మొదలవుతుంది. రాకెట్ బొమ్మలు అదనం.

ప్రోగ్రామర్లు ఒకరినొకరు ప్రశ్నలడిగి జవాబులు చెప్పుకునే సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో పని అయిపోయిందట. అక్కడ ప్రశ్నలు బాగా తగ్గాయి, కాదనను. ఒక కొట్టుకి బేరాలు తగ్గితే సంతే ఎత్తేశారంటామా?

ఏఐ ఉంటే చాలట. నేనూ రోజూ వాడతాను. కానీ 2024లో చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ వెళ్లి ఒప్పందం చేసుకున్నది ఆ పని అయిపోయిన స్టాక్ ఓవర్‌ఫ్లోతోనే. జాలిపడి చేసుకుందేమో.

నాకు ఒళ్లు మండింది మూడో పాయింటుకి: "సీనియర్ అయ్యుండి నలుగురిలో అడిగితే పని రాదని ఒప్పుకున్నట్టే." జూనియర్లు ఇది చదివి నమ్ముతారు. రేపు జనం వాడుతున్న సిస్టమే (ప్రొడక్షన్) పడిపోయినా నోరు విప్పకుండా రాత్రంతా దాని లాగ్‌లు చూస్తూ ఒక్కళ్లే కూర్చుంటారు.

ఆండ్రెస్ ఫ్రాయిండ్ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మీద ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. 2024లో తన డెబియన్ (ఒక రకం లినక్స్) మెషీన్‌లో ఎస్‌ఎస్‌హెచ్, అంటే దూరం నుంచి కంప్యూటర్‌లోకి వెళ్లే లాగిన్, అర సెకను ఆలస్యమవుతోందని తవ్వుకుంటూ పోతే, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీలో దొంగదారి బయటపడింది. అది పెట్టినవాడు రెండేళ్లకు పైగా బుద్ధిగా ఆ కోడ్‌కి ప్యాచ్‌లు (సవరణలు) పంపి నమ్మకం సంపాదించుకున్నవాడే! ఫ్రాయిండ్ ముందు లినక్స్ రకాలను (డిస్ట్రోలు) తయారుచేసే వాళ్లకు చెప్పి, మార్చి 29న ఓపెన్ సోర్స్ భద్రత గురించి మాట్లాడుకునే ఓఎస్‌ఎస్-సెక్యూరిటీ మెయిలింగ్ లిస్టులో అందరికీ రాశాడు. తాను సెక్యూరిటీ రీసెర్చర్‌ని కాదని, ఇంకా విశ్లేషించనిది చాలా ఉందని కూడా అందులోనే చెప్పాడు. ఆ మిగిలింది విప్పడానికి ఎక్కడెక్కడివాళ్లో దిగారు. మన మెసేజ్ రాసిన మహానుభావుడి లెక్కన ఫ్రాయిండ్‌కి పని రాదు. పాపం, ఎవరైనా ఆయనకి కూడా ఫార్వర్డ్ చేయండి.

ఇక ఆఖరిది, "అక్కడ అందరికీ పొగరు". ఇది మాత్రం నిజం. కొత్తవాళ్లను సరిగా ఆదరించడం లేదని 2018లో స్టాక్ ఓవర్‌ఫ్లో కంపెనీయే ఒప్పుకుంది. నేనేం తక్కువ తినలేదు. అక్కడ ఒక కుర్రాడి ప్రశ్నకి డూప్లికేట్, అంటే ఇది ముందే అడిగేశారు అని పాత లింకు తగిలించి మూసేశాను. మర్నాడు చూస్తే ఆ పాత జవాబు వేరే వెర్షన్‌ది, అతను అడిగింది వేరే. మళ్లీ తెరిచి జవాబు రాశాను. అతను తిరిగి రాలేదు.