నల్లపావుల బోరు పాయింట్లు

అనంతపురం జిల్లావాడికి గాంబిట్ అంటే ఏమిటో పుస్తకం తెరిచి చెప్పాల్సిన పనిలేదు. చేతిలో ఉన్న విత్తనం మట్టిలో పోసి మోడం కోసం పైకి చూస్తూ కూర్చోవడమే గాంబిట్. శెనక్కాయ విత్తే ప్రతివాడూ ఏటా ఆడేది అదే. అందుకని మన పిల్లలు చెస్ టోర్నీలో నల్లపావులు చేతికి రాగానే ఒక బంటు ధారపోస్తే ఆశ్చర్యపోకూడదు. అది వంశపారంపర్యం. ధారపోసిన బంటు తిరిగొస్తుందా అని అడగడం మాత్రం మర్యాద కాదని చాలామంది నమ్మకం. ఈ వ్యాసం ఆ అమర్యాద కోసమే.

ముందు పాయింటు పెట్టే పద్ధతి చూద్దాం. బోరు వేయించే ముందు అరచేతిలో టెంకాయ పడుకోబెట్టి చేనంతా తిరిగేవాళ్లు మనకు కొత్త కాదు. టెంకాయ లేచి నిలబడిన చోట నీళ్లు. చెస్‌లో ఆ టెంకాయ పేరు యూట్యూబ్. పదినిమిషాల వీడియోలో ఎనిమిదో ఎత్తుకు మేట్ పడిందా, టెంకాయ లేచినట్టే. ఇంక రిగ్గును పిలవడమే తరువాయి.

ఈ మధ్య అందరి అరచేతుల్లోనూ లేస్తున్న టెంకాయ ఎంగ్లుండ్ గాంబిట్. ఇంగ్లండుకు దీనికీ సంబంధం లేదు, ఎంగ్లుండ్ స్వీడన్ ఆటగాడు. (డీ4, ఈ5 లాంటివి బల్లమీద గడుల పేర్లు.) వైటు డీ4 అంటే బ్లాకు ఈ5 అంటాడు. వైటు బంటు తింటాడు. బ్లాకు గుర్రం సీ6, వైటు గుర్రం ఎఫ్3, బ్లాకు మంత్రి ఈ7. వైటు శకటును ఎఫ్4లో పెట్టి బంటును కాపాడుకోగానే మంత్రి బీ4లోకి దూకి చెక్ అంటాడు. శకటు డీ2కు వచ్చి అడ్డుపడితే మంత్రి బీ2 బంటును మింగుతాడు. ఇప్పుడు వైటు ‘అయ్యో నా ఏనుగు’ అని శకటును సీ3లో పెట్టాడా, అయిపోయాడు. బ్లాకు శకటు బీ4. వైటు మంత్రి డీ2కు వస్తాడు, సీ3లో శకట్లు మారతాయి, వైటు మంత్రి తిరిగి తింటాడు, బ్లాకు మంత్రి సీ1లో కూర్చుని మేట్ చెబుతాడు. చూడముచ్చటగా ఉంటుంది. కాదనలేం.

కానీ వైటు శకటుకు బదులు గుర్రాన్ని సీ3లో పెడితే? అంతే, రిగ్గు ఆగిపోయింది. బ్లాకు శకటు బీ4కు వస్తే వైటు ఏనుగు బీ1, మంత్రి ఏ3కు పారిపోతే గుర్రం డీ5. ఆ గుర్రం ఒక కన్ను బీ4 శకటు మీద, ఇంకో కన్ను సీ7 మీద వేసి కూర్చుంటుంది. బంట్లు లెక్కపెడితే ఇద్దరికీ సమానమే. అక్కడే మనవాడు మోసపోతాడు. బ్లాకు ఏడు ఎత్తుల్లో నాలుగు మంత్రి తిరగడానికే సరిపోయాయి, ఒక గుర్రం, ఒక శకటు తప్ప మిగతా సైన్యం ఇంటి దగ్గరే నిద్రపోతోంది. ఎనిమిదొందల అడుగులు దించాక పైకొచ్చింది దుమ్ము.

రెండో టెంకాయ స్టాఫోర్డ్ గాంబిట్. ఈ4, ఈ5, గుర్రం ఎఫ్3, గుర్రం ఎఫ్6. వైటు ఈ5 బంటు తింటే బ్లాకు రెండో గుర్రాన్ని సీ6కు తెచ్చి మార్పిడికి పెడతాడు. సీ6లో గుర్రాలు మారాక వైటు డీ3, బ్లాకు శకటు సీ5. ఇక్కడ వైటు శకటును జీ5కు తెచ్చి ‘గుర్రాన్ని కట్టేశా’ అనుకుంటే, ఆ గుర్రమే ఈ4 బంటును తింటుంది. వైటు ఆశకొద్దీ మంత్రిని కొడతాడు. శకటు ఎఫ్2లో చెక్, రాజు ఈ2, రెండో శకటు జీ4లో మేట్. మంత్రిని పోగొట్టుకుని గెలిచినవాడు వారంపాటు నేలమీద నడవడు. ఆరో ఎత్తులో శకటును నిమ్మళంగా ఈ2లో పెట్టే వైటు గురించి మాత్రం వీడియోలో చివరి అరనిమిషంలో చెబుతారు. బ్లాకు హెచ్5 అంటే వైటు తొందరపడి క్యాజిలింగ్ (రాజును ఏనుగు చాటుకు దాచే ఎత్తు) చేయడు, సీ3 అంటాడు. తరవాత డీ4 పడితే సీ5 శకటు దారి మూసుకుపోతుంది. బ్లాకుకు మిగిలేది ఒక బంటు అప్పు.

అసలు పరీక్ష ఒకటే. వల వేసినవాడి కుర్చీలోంచి లేచి, అవతల వైటు కుర్చీలో కూర్చోవాలి. తినడం, తినకపోవడం, తిని తిరిగిచ్చేయడం అని వైటుకు మూడు దారులుంటాయి. మనవాళ్లు మొదటిదే చదువుతారు. మూడోదే ప్రమాదం. బంటును తిరిగిచ్చేసి ఆ గ్యాపులో పావులన్నీ బయటకు తెచ్చుకునే వైటు, అప్పు తీర్చి చేను ఉంచుకున్న రైతులాంటివాడు. వాణ్ని ఏ వలా పట్టదు.

ఇక ఇంజిన్ అంకెలు, అంటే చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రాం ఎవరిది పైచేయో చెప్పే లెక్క. స్టాక్‌ఫిష్ 1.00 చూపితే ‘ఒక్క బంటే కదన్నా, ఆటలో చూసుకుందాం’ అంటారు. ఆ లెక్క పాతది. 2022 డిసెంబరులో వచ్చిన 15.1 వెర్షన్ నుంచి 1.00 అంటే, ఇంజిన్ తనతో తాను ఆడుకుంటే వైటు నూటికి యాభైసార్లు గెలిచే స్థితి అని అర్థం. ఎంగ్లుండ్‌లో సరైన జవాబు పడితే అంకె ఆ గీత దాటిపోతుంది. అయితే ఇంజిన్ ఎదురుగా కూర్చుని ఆడేది ఎవరు? మూడునిమిషాల బ్లిట్జ్‌లో ఆరో ఎత్తు దగ్గర వైటు చేతులు వణుకుతాయి, శకటు సీ3కే పోతుంది. తొంభై నిమిషాల ఆటలో వాడు పావుగంట ఆలోచించి, ఒక టీ తాగొచ్చి, గుర్రాన్ని సీ3లో పెడతాడు. ఒకే ఓపెనింగ్ ఉదయం నీళ్లు, సాయంత్రం దుమ్ము. పైగా మొదటి రౌండులో వల వేసి గెలిస్తే నాలుగో రౌండు ప్రత్యర్థి ఆ బల్ల పక్కనే నిలబడి చూసి ఉంటాడు.

ఎఫ్ బంటు సంగతి వేరే చెప్పాలి. రాజు పక్కన ఎఫ్7లో నిలబడ్డ ఆ బంటు, గుడికి మూలస్తంభం. ఈ4 ఈ5 పడ్డాక దాన్ని కదిపేముందు ఈ8 నుంచి హెచ్5 దాకా ఉన్న మూలదారిని చూడాలి. డామియానో డిఫెన్స్‌లో రెండో ఎత్తుకే ఎఫ్6 అంటారు. వైటు గుర్రం ఈ5 బంటును తింటుంది, దాన్ని బంటుతో కొడితే మంత్రి హెచ్5లో చెక్. జీ6 అడ్డుపెడితే మంత్రి ఈ5లో ఇంకో చెక్‌తో మూలనున్న ఏనుగును పట్టేస్తాడు. రాజు ఈ7కు దిగితే ఊరంతా తిరగాల్సిందే. కాస్త బతకాలంటే గుర్రాన్ని తినకుండా మంత్రిని ఈ7లో పెట్టాలి. డామియానో పోర్చుగల్ మందుల వ్యాపారి, 1512లో రోమ్‌లో పుస్తకం వేసి, ఈ ఎత్తు పనికిరాదని అందులోనే తిట్టాడు. నీళ్లు లేవన్నవాడి పేరే బోరుకు పెట్టారు. ఇలాంటి గౌరవం మన జిల్లాలోనూ కొందరికి దక్కుతుంటుంది.

అదే బంటును రెండో ఎత్తుకు ఎఫ్5 దాకా తోస్తే లాట్వియన్ గాంబిట్. వైటు గుర్రం ఈ5 తిని, మంత్రి ఎఫ్6కు రాగానే సీ4కు వెనక్కి వస్తుంది. బ్లాకు ఈ4 తింటాడు, వైటు రెండో గుర్రం సీ3, మంత్రి ఎఫ్7, గుర్రం ఈ3, సీ6, డీ3. అక్కడ మార్పిళ్లయ్యాక శకటు డీ3లో, రాజు క్యాజిలింగ్‌లో. బంట్లు మళ్లీ సమానం. వైటువి మూడు పావులు బయట, బ్లాకుది తిరిగి తిరిగి అలిసిన మంత్రి ఒక్కడే.

తిక్క ఓపెనింగులన్నీ ఇంతేనా అంటే కాదు. లేపాక్షి వీరభద్రాలయంలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి అందరూ నోరు తెరుస్తారు. (జిల్లాలు చీలాక అది శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, ఉపమానం ఇంకా మనదే.) ఆ ఒక్కటీ వేలాడుతోందంటే మిగతావి బరువు మోస్తున్నాయి కాబట్టే. ఈ4కు ఏ6 అనడం అలాంటిది. మధ్యగడులు వదులుకుంటాడు, కానీ బంటు పోదు, రాజు చుట్టూ చిల్లు పడదు. 1980లో స్వీడన్‌లోని స్కారాలో టోనీ మైల్స్ దాంతోనే ప్రపంచ చాంపియన్ కార్పోవ్‌ను ఓడించాడు. 2010 ఒలింపియాడ్‌లో కార్ల్‌సన్ ఇంకో తిక్క ఓపెనింగ్ వేసి ఆడమ్స్ చేతిలో ఓడాడు. మనవాళ్లకు మొదటి సంగతే తెలుసు.

బుడాపెస్ట్ గాంబిట్ కూడా ఈ కోవదే. ఈ5లో ఇచ్చిన బంటును జీ4 గుర్రంతో మామూలుగా తిరిగి రాబట్టుకోవచ్చు. వల పడితే అదనం: వైటు ఆశకొద్దీ ఏ3 బంటుతో బీ4 శకటును తినగానే గుర్రం డీ3లో మేట్, ఎందుకంటే ఈ2 బంటును ఈ7 మంత్రి కట్టేసి ఉంటాడు. పడకపోతే వైటు కాస్త మెరుగు, అంతే. అరంగుళం నీళ్లే, కానీ మోటరు కాలిపోదు.

ఆదివారం టోర్నీ అయ్యాక గడియార స్తంభం దగ్గర టీ తాగుతూ జరిగే సంభాషణ మాత్రం ఎప్పుడూ ఒకటే.

“ఏమప్పా, ఎన్నంగుళాలు పడె?”

“ఆరో ఎత్తుకు వాడు గుర్రం సీ3 వేస్తాడని ఎవురికి తెలుసన్నా!”

“ఇంగేం చేస్తావు?”

“వచ్చేవారం స్టాఫోర్డ్ వేస్తా.”