సరమ అడిగిన న్యాయం

సాహిత్యంలో మనిషికీ ఇతర జీవులకూ మధ్య సామరస్యం అనగానే, లేళ్లూ చిలకలూ తిరిగే ఆశ్రమ వర్ణనలను ఉదాహరిస్తారు. అవి కన్నులపండువే గాని, వాటిలో జంతువుకు నోరుండదు. గోదావరి డెల్టాకు తలవాకిలి అయిన రాజమహేంద్రవరంలో 11వ శతాబ్దంలో నన్నయ తెనిగించిన మహాభారతంలోని ఆదిపర్వం అలా మొదలు కాదు. యాగస్థలంలో ఆడుకుంటున్న కుక్కపిల్లను రాజు జనమేజయుడి తమ్ముళ్లు కొట్టారు. దాని తల్లి సరమ (దేవలోకానిదైనా కుక్క కుక్కే) నేరుగా రాజు దగ్గరికి వచ్చి, తగునో తగదో ఆలోచించకుండా సాధువులకూ పేదలకూ కీడు చేసేవారికి కారణం తెలియని భయాలు వచ్చిపడతాయని చెప్పి వెళ్లింది. ‘తగునిది తగదని’ అంటూ మొదలయ్యే ఆ కందం ఎందరికో కంఠస్థమే. అది ఒక కుక్క నోట పలికిందన్న సంగతి మాత్రం మరుగున పడిపోతుంది.

నా దృష్టిలో సామరస్యానికి గీటురాయి ఇదే: రాజును నిలదీసే హక్కు జంతువుకు ఉందా లేదా అన్నది. అదే పర్వంలో, పాము కాటుకు గురైన ప్రమద్వరను తన ఆయుష్షులో సగమిచ్చి బతికించుకున్న రురుడు, ఆ పగతో కనబడ్డ పామునల్లా చంపుతూ, విషం లేని డుండుభం మీదా కర్ర ఎత్తాడు. నేను చేసిన తప్పేమిటని అది అడిగాకే కర్ర ఆగింది. ఇంత విన్నా మనుషులు మారారని నన్నయ చెప్పడు. సరమ మాటకు భయపడిన జనమేజయుడే తర్వాత పాములను హోమంలో వేయిస్తాడు, ఆస్తీకుడనే ముని వచ్చి ఆపేదాకా.

ఇవాళ డెల్టాలో రొయ్యల చెరువుల మీద కొంగలు వాలకుండా తీగలు లాగుతున్నారు. అప్పు తెచ్చి రొయ్యపిల్ల వదిలిన రైతు గోడు అబద్ధం కాదు. కానీ ఒకప్పుడు చిత్తడిగా ఉన్న ఆ నేల మీద కొంగ తరఫున అడిగే పాత్ర మన కథల్లో అరుదు. మన రాతల్లో ఈ నదికి చెందిన జీవంటే ఎక్కువగా పులసే, అదీ పులుసులోకి దిగాకే.

అడగకముందే వాటా తీసిపెట్టిన ఆచారం మాత్రం ఇక్కడ ఉంది. కోతల్లో వరి కంకులను జడలా అల్లి, పిచ్చుకల కోసం చూరుకో గుడి మండపానికో కుచ్చుగా వేలాడదీసేవారు. యంత్రంతో కోసిన చేలో అల్లడానికి పనికొచ్చే కంకి మిగలదు. కుచ్చు కావాలంటే యంత్రం దిగకముందే గట్టువార నాలుగు దుబ్బులు కొడవలితో కోసి పక్కన పెట్టుకోవాలి.