ఆట నడుస్తుండగా రూలు మార్చకండి

2025 నవంబర్ 23న అర్జెంటీనాలోని రొసారియో నగరంలో ఫుట్‌బాల్ మ్యాచ్ మొదలయ్యే ముందు ఎస్తూదియాంతెస్ జట్టు ఆటగాళ్లు రెండు వరసల్లో నిలబడ్డారు. ఛాంపియన్‌గా ప్రకటించిన రొసారియో సెంట్రల్ జట్టు ఆ వరసల మధ్య నుంచి నడిచి వస్తుంటే చప్పట్లు కొట్టి గౌరవించడం అక్కడి ఆనవాయితీ. సెంట్రల్ ఆటగాళ్లు దగ్గరికి వచ్చేసరికి వీళ్లంతా వెనక్కి తిరిగి వీపు చూపించారు.

కోపం సెంట్రల్ మీద కాదు. అర్జెంటీనాలో ఏడాదికి అపెర్తురా, క్లౌసురా అని రెండు టోర్నీలు జరుగుతాయి, దేనికి దానికి ఒక ఛాంపియన్ ఉంటుంది. రెండింటి పాయింట్లూ కలిపి వేసే ఏడాది పట్టిక కూడా ఒకటుంది గానీ, అప్పటిదాకా అది దక్షిణ అమెరికా కప్పులకు ఎవరు వెళ్లాలి, కింది డివిజన్‌కు ఎవరు దిగిపోవాలి అని తేల్చడానికే. ఆ మ్యాచ్‌కు 3 రోజుల ముందు అధికారులు కూర్చుని, ఆ పట్టికలో మొదట ఉన్న జట్టు కూడా లీగ్ ఛాంపియనే అని తీర్మానించి సెంట్రల్ చేతికి కప్పు ఇచ్చేశారు. సీజన్ మొదలైనప్పుడు అలాంటి టైటిల్ ఒకటి ఉందని ఏ జట్టుకూ తెలియదు. వీపు చూపించినందుకు ఆటగాళ్లకు 2 మ్యాచ్‌ల నిషేధం, క్లబ్ అధ్యక్షుడు హువాన్ సెబాస్టియన్ వెరోన్‌కు 6 నెలల నిషేధం పడింది.

మేం ఆ ఆటగాళ్ల పక్షమే. సెంట్రల్ నిజంగానే ఏడాది మొత్తంలో అందరికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చుకుంది, వాళ్ల కష్టాన్ని ఎవరూ తక్కువ చేయక్కర్లేదు. కానీ ఈ సంగతి జనవరిలోనే చెప్పి ఉంటే మిగతా జట్లు ఇలాగే ఆడేవా? నాకౌట్‌లో చోటు ఖాయమయ్యాక ముఖ్యమైన ఆటగాళ్లకు విశ్రాంతి ఇచ్చి కుర్రాళ్లను దించే మ్యాచ్‌లు ఏ జట్టుకైనా ఉంటాయి, డ్రా చాలనుకుని చివరి 20 నిమిషాలు బంతిని అటూ ఇటూ తిప్పే రోజులూ ఉంటాయి. ప్రతి పాయింటూ టైటిల్ లెక్కలోకి వస్తుందని తెలిస్తే ఏ కోచ్ అలా చేస్తాడు? రూలును చూసుకునే క్లబ్బులు ఆటగాళ్లను కొంటాయి, ఎక్కడ తెగించాలో ఎక్కడ సర్దుకోవాలో తేల్చుకుంటాయి. మధ్యలో రూలు మారిస్తే అప్పటిదాకా తీసుకున్న సరైన నిర్ణయాలన్నీ తప్పు నిర్ణయాలైపోతాయి, దిద్దుకునే వీలు కూడా ఉండదు.

అర్జెంటీనా సంఘటన కొట్టొచ్చినట్టు కనిపించింది కాబట్టి ప్రపంచమంతా మాట్లాడుకుంది. మాకు ఎక్కువ ఆందోళన కలిగించేది మాత్రం పైకి కనిపించని మార్పు, అంటే రూలు పుస్తకంలో అక్షరం మారదు, రిఫరీలకు చెప్పే మాట మారుతుంది.

2020 సెప్టెంబర్‌లో ఇంగ్లాండ్ ప్రీమియర్ లీగ్ సీజన్ మొదలైనప్పుడు హ్యాండ్‌బాల్, అంటే బంతి ఆటగాడి చేతికి తగలడం, విషయంలో రిఫరీలు చాలా కఠినంగా ఉండాలన్నారు. సెప్టెంబర్ 26న క్రిస్టల్ ప్యాలెస్ డిఫెండర్ జోయెల్ వార్డ్ చేతికి దగ్గర నుంచి బంతి తగిలితే ఎవర్టన్‌కు పెనాల్టీ ఇచ్చారు, ఆ గోల్‌తోనే ప్యాలెస్ 2-1 తేడాతో ఓడింది. మర్నాడు టాటెన్‌హామ్ మైదానంలో ఇంకా ఘోరం జరిగింది. టాటెన్‌హామ్ 1-0తో గెలిచేలా ఉంది, ఇంజురీ టైమ్ నడుస్తోంది. న్యూకాజిల్ ఆటగాడు ఆండీ క్యారల్ గాల్లోకి ఎగిరి తలతో కొట్టిన బంతి అతని ముందే ఉన్న టాటెన్‌హామ్ ఆటగాడు ఎరిక్ డయర్ చేతికి తగిలింది. డయర్ వీపు అటు ఉంది, బంతి ఎటు నుంచి వస్తోందో అతనికి కనిపించే అవకాశమే లేదు. రిఫరీ మైదానం పక్కనున్న టీవీ తెర దగ్గరికి వెళ్లి చూసి వచ్చి పెనాల్టీ ఇచ్చాడు, కాలమ్ విల్సన్ గోల్ కొట్టాడు, మ్యాచ్ 1-1తో ముగిసింది. లాభపడ్డ న్యూకాజిల్ మేనేజర్ స్టీవ్ బ్రూస్ కూడా ఆ రూలుకు అర్థంపర్థం లేదన్నారు.

గొడవ పెద్దదైంది. వారం తిరక్కుండానే రిఫరీలు కాస్త మెత్తగా చూడాలని సూచనలు వచ్చేశాయి. చూడటానికి మంచి పనే, ఆట బాగుపడింది. మరి డయర్, వార్డ్ ఇచ్చుకున్న పెనాల్టీల మాటేమిటి? అవి పట్టికలో అలాగే ఉండిపోయాయి. సీజన్ చివర్లో న్యూకాజిల్ 45 పాయింట్లతో 12వ స్థానంలో, వుల్వ్స్ అవే 45తో 13లో, ప్యాలెస్ 44తో 14లో నిలిచాయి. ఆ రెండు పెనాల్టీలు తీసేసి లెక్క వేయండి, ప్యాలెస్‌కు ఒక పాయింట్ పెరుగుతుంది, న్యూకాజిల్‌కు ఒకటి తగ్గుతుంది, మూడు జట్ల వరసే మారిపోతుంది. ఒక్కో స్థానానికి లీగ్ ఇచ్చే డబ్బు వేరు. దీన్ని రూలు మార్పు కాదు, వ్యాఖ్యానంలో మార్పు అంటారు. మైదానంలో నిలబడ్డ డిఫెండర్‌కు ఆ రెండింటికీ తేడా ఏముంటుంది? మొన్న పెనాల్టీ, ఇవాళ కాదు, అంతే కదా.

చెడ్డ రూలును చూస్తూ చూస్తూ 9 నెలలు ఎందుకు భరించాలి అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే, దాన్ని దాటవేయం. అదే సీజన్‌లో 2021 మార్చి 4న ఫుల్‌హామ్‌కు జరిగింది చూడండి. టాటెన్‌హామ్ మీద 1-0తో వెనకబడి ఉన్నప్పుడు జోష్ మాజా గోల్ కొట్టాడు. అంతకు క్షణం ముందు టాటెన్‌హామ్ డిఫెండర్ బలంగా తన్నిన బంతి ఫుల్‌హామ్‌కే చెందిన మారియో లెమీనా చేతికి తగిలి మాజా ముందు పడింది. లెమీనా చెయ్యి ఒంటికి ఆనుకునే ఉంది, అతను కావాలని చేసింది ఏమీ లేదు. అయినా గోల్‌కు ముందు సొంత జట్టువాడి చేతికి పొరపాటున తగిలినా గోల్ చెల్లదన్నది అప్పటి రూలు, గోల్ రద్దయింది, ఫుల్‌హామ్ ఓడింది. సరిగ్గా మర్నాడు, మార్చి 5న, ఫుట్‌బాల్ రూళ్లు రాసే అంతర్జాతీయ బోర్డు సమావేశమై ఆ నిబంధననే తీసేసింది!

ఆ రాత్రి ఫుల్‌హామ్ అభిమాని కడుపు ఎంత మండి ఉంటుందో ఊహించగలం. కొత్త రూలు జులై 1 నుంచి అన్నారు, కావాలనుకునే లీగ్‌లు ముందే తెచ్చుకోవచ్చని కూడా అన్నారు. ప్రీమియర్ లీగ్ ముందే తేలేదు, సీజన్ పూర్తయ్యేదాకా పాత రూలుతోనే నడిపింది. సరైన పని చేసింది. ఫుల్‌హామ్‌కు చెల్లని గోల్ వచ్చే వారం మరో జట్టుకు చెల్లుతుందంటే అది ఫుల్‌హామ్‌కు రెండో దెబ్బ. ఫుల్‌హామ్ ఆ ఏడాది 28 పాయింట్లతో కింది డివిజన్‌కు పడిపోయింది, గట్టెక్కిన చివరి జట్టు బర్న్‌లీకి 39 ఉన్నాయి కాబట్టి ఆ ఒక్క గోల్ వాళ్లను కాపాడేది కాదు. తేడా 1 పాయింట్ అయి ఉంటే మాత్రం ఈ చర్చ ఇంత ప్రశాంతంగా జరిగేది కాదు.

యూరప్ క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్‌లో యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య చేసింది దీనికి పూర్తి వ్యతిరేకం. వీడియో రిఫరీ పద్ధతిని 2019-20 సీజన్ నుంచి తెస్తామని మొదట చెప్పి, 2018 డిసెంబర్‌లో మాట మార్చి, నడుస్తున్న సీజన్‌లోనే ప్రీక్వార్టర్స్ నుంచి పెట్టేసింది. 2018 నవంబర్ 7న మాంచెస్టర్ సిటీ ఆటగాడు రహీమ్ స్టెర్లింగ్ షాక్తార్ దొనెత్స్క్ పెనాల్టీ ఏరియాలో తన కాలే నేలకు తగిలి పడిపోతే రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు, సరిదిద్దడానికి వీడియో లేదు. అదే పోటీలో 2019 ఏప్రిల్ 17న టాటెన్‌హామ్ మీద ఇంజురీ టైమ్‌లో అదే స్టెర్లింగ్ గోల్ కొట్టి సిటీని సెమీస్‌కు చేర్చాననుకుని పరిగెత్తాడు, స్టేడియం ఊగిపోయింది, ఇంతలో వీడియోలో సహచరుడు అగ్వేరో ఆఫ్‌సైడ్, అంటే రూలు ఒప్పుకోనంత ముందుకెళ్లి ఉన్నాడు అని తేలి గోల్ పోయింది, సిటీ ఇంటికెళ్లింది. రెండో నిర్ణయం సరైనదే, మాకు సందేహం లేదు. నాకౌట్‌కు చేరిన 16 జట్లకూ ఒకే పద్ధతి వర్తించింది కదా అన్న వాదనలోనూ కొంత బలం ఉంది, మార్చక తప్పకపోతే ఒక దశ ముగిసిన చోటే మార్చడం మేలు. కానీ ఆ 16లోకి రాలేకపోయిన జట్లు కూడా అదే కప్పు కోసం ఆడాయి, వాళ్లకు వీడియో చూసి న్యాయం చేసినవాళ్లు లేరు.

అసలు చిక్కు ఎక్కడంటే, సీజన్ మొదలుకాకముందు రూలు రాస్తే అది ఎవరికి లాభిస్తుందో ఎవరికీ తెలియదు. సగం మ్యాచ్‌లు అయ్యాక అందరికీ తెలుస్తుంది. అప్పుడు ఓటేయడానికి చెయ్యెత్తే ప్రతివాడికీ కళ్లముందు పాయింట్ల పట్టిక ఉంటుంది. కోవిడ్ రోజుల్లో ఇంగ్లాండ్ మూడో అంచె పోటీ లీగ్ వన్‌లో జరిగింది అదే. మ్యాచ్‌లు ఆగిపోయాయి, 2020 జూన్ 9న క్లబ్బులే ఓటు వేసి, ఆడిన మ్యాచ్‌కు సగటున ఎన్ని పాయింట్లన్న లెక్కతో తుది పట్టిక తేల్చాయి. 8వ స్థానంలో ఉన్న వైకోంబ్ 3కు ఎగబాకింది, ప్లేఆఫ్ గెలిచి పై డివిజన్‌కు వెళ్లింది. వరసగా 3 మ్యాచ్‌లు గెలిచి ఊపు మీదున్న ట్రాన్‌మియర్, ఇంకో మ్యాచ్ ఎక్కువ చేతిలో ఉండి కూడా, కిందికి పడిపోయింది. నెదర్లాండ్స్ రెండో డివిజన్‌లో పట్టికలో మొదటి స్థానంలో ఉన్న కాంబూర్‌ను పైకి పంపలేదు, కోర్టుకెళ్లినా ఫలితం లేకపోయింది. మహమ్మారిలో ఏదో ఒకటి తేల్చక తప్పదు, నిజమే. సీజన్ మధ్యలో ఆగిపోతే ఏం చేయాలో మొదటి రోజే రాసి పెట్టుకుని ఉంటే, ఎవరి ఓటు వెనక ఏముందో అన్న అనుమానానికి తావుండేది కాదు.

మన దగ్గరా ఈ గొడవ కొత్తది కాదు. 2025 మే 17న బెంగళూరులో వాన వల్ల మ్యాచ్ రద్దయి కోల్‌కతా ఐపీఎల్ ప్లేఆఫ్ రేసు నుంచి తప్పుకుంది. 3 రోజులకే లీగ్ మ్యాచ్‌లకు అదనంగా వేచి చూసే సమయాన్ని గంట నుంచి 2 గంటలకు పెంచారు. ఇదేం పద్ధతి అని కోల్‌కతా యాజమాన్యం అడిగింది, అడగడంలో తప్పేమీ లేదు.

అయితే ఒక మినహాయింపు ఉంది, అది ఆటగాడి ఆరోగ్యం. 2021 ఫిబ్రవరిలో ప్రీమియర్ లీగ్ సీజన్ మధ్యలోనే, తలకు దెబ్బ తగిలిన ఆటగాడి స్థానంలో అదనంగా మరొకరిని దించే వీలు కల్పించింది. దాన్ని ఆగస్టు దాకా ఆపమనడం అమానుషం, ఒక మెదడుకు జరిగే నష్టం ముందు పాయింట్ల పట్టిక లెక్కలోకి రాదు. 2020 మేలో 5 సబ్‌స్టిట్యూట్లకు అనుమతి ఇవ్వడం కూడా, నెలల తరబడి ఇంట్లో కూర్చున్న ఆటగాళ్లతో వరసపెట్టి మ్యాచ్‌లు ఆడించాల్సి వచ్చింది కాబట్టి, ఒప్పుకోదగ్గదే. తర్వాతి సీజన్‌లో ప్రీమియర్ లీగ్ మళ్లీ 3కు వెళ్లింది, మధ్యలో 5 కావాలని అప్పటి లివర్‌పూల్ మేనేజర్ క్లోప్, మాంచెస్టర్ సిటీ మేనేజర్ గ్వార్డియోలా పట్టుబట్టారు. వాళ్లు గాయాల గురించి చెప్పింది నిజం, బెంచీ మీద కోట్ల ఖరీదైన ఆటగాళ్లున్న క్లబ్బులకే దాంతో ఎక్కువ లాభమని చిన్న క్లబ్బులు అన్నదీ నిజం. ఇలాంటిది క్లబ్బుల ఓటుతో తేలేది కాదు. గాయాల లెక్కలు చూసి, ఏ జట్టుకూ సంబంధం లేని వైద్యులు చెప్పాలి, లీగ్ పాటించాలి.

రూళ్లు మారకూడదని మేం అనడం లేదు. 1925లో ఆఫ్‌సైడ్ రూలు మార్చకపోతే ఇంగ్లాండ్ ఫస్ట్ డివిజన్‌లో గోల్స్ ఒక్క ఏడాదిలో 1192 నుంచి 1703కు పెరిగేవి కావు. 1992లో సొంత ఆటగాడు కాలితో ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టుకోకూడదన్నారు, ఆట వేగమే మారిపోయింది. రెండూ పెద్ద మార్పులే, రెండూ రెండు సీజన్ల మధ్య వేసవిలో వచ్చాయి. కష్టపడి నేర్చుకోవాల్సి వస్తే అందరూ ఒకే రోజు నుంచి నేర్చుకున్నారు.

అంతర్జాతీయ బోర్డు ఏటా ఫిబ్రవరి, మార్చిల్లో తీసుకునే నిర్ణయాలు జులై 1 నుంచి అమలవుతాయి. కోచ్‌లు, రిఫరీలు అలవాటుపడటానికే ఆ 4 నెలల వ్యవధి. కావాలనుకుంటే ముందే తెచ్చుకోవచ్చంటూ లీగ్‌లకు ఇస్తున్న వెసులుబాటును ఇకపై ఆటగాళ్ల ఆరోగ్యానికి సంబంధించిన మార్పులకే పరిమితం చేయాలి. రిఫరీలకు పంపే సూచనలు తొలి మ్యాచ్‌కు ముందే తేదీతో సహా బయటపెట్టాలి, ఏ చేతి తాకిడికి పెనాల్టీ, దేనికి కాదు అన్నది సీజన్ టికెట్ కొన్న అభిమానికీ డిఫెండర్‌కూ ఆగస్టులోనే తెలియాలి. ఆ కాగితాన్ని మళ్లీ తిరగరాసేది మే నెలలో ఆఖరి మ్యాచ్ ముగిశాకే.