డబ్బిస్తామన్నా రైతు ఎందుకు వెనకాడతాడు?

పాలమూరు, నల్లగొండ చలక (ఎర్ర ఇసుక) నేలల్లో సర్కారు చేనులో నీటికుంట తవ్విస్తామన్నా, గట్టు మీద చెట్లకు డబ్బిస్తామన్నా రైతులు ఎగబడరు. అవగాహన లేదని తేల్చేయడం అధికారులకు అలవాటు. మరి అదే రైతు చెరువు మట్టికి జేబులోంచి ఎలా ఖర్చు పెట్టాడు? 2015లో తెలంగాణలో మొదలైన చెరువుల బాగు పథకం మిషన్ కాకతీయలో పూడిక తవ్వడం సర్కారు ఖర్చు, తోలుకోవడం రైతు ఖర్చు. అయినా ట్రాక్టర్లు బారులు తీరాయి.

లెక్క చూడండి. ట్రిప్పుకు మూడు ఘనపు మీటర్ల చొప్పున ఎకరానికి 40 ట్రిప్పులు తోలితే మూడు సెంటీమీటర్ల మందాన పరుచుకుంటుంది. ఎండాకాలంలో తోలి, తొలకరికి ముందే కలియదున్నితే నేలలో పదును (తేమ) ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఆగస్టులో వాన మొహం చాటేసినా పత్తి వెంటనే వాడిపోదు. వాగు వచ్చి కలిసే చోటి మట్టిలో ఇసుక ఎక్కువ, దాన్ని తోలితే కిరాయి దండగ. చౌడు మట్టయితే ఉన్న పంటకే చేటు. ఇవన్నీ రైతుకు తెలుసు. ఎరువుకోసం చేనులో గొర్లమంద పెట్టించుకుని కాపరికి డబ్బిచ్చేదీ ఈ రైతే. ఫలితం ఆ ఏడాదే, తన చేనులోనే కనిపిస్తే ఖర్చుకు వెనకాడడు.

నీటికుంట సంగతి వేరు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల లోతున వాలుగా తవ్వితే పట్టేది లక్షన్నర లీటర్లు. ఎకరానికి రెండున్నర సెంటీమీటర్ల తడి ఇవ్వాలంటే లక్ష లీటర్లు కావాలి. అంటే నిండిన కుంట ఒక తడికి సరిపోతుంది, అదీ ఇంకిపోకుంటేనే. చలకలో అడుగున నీళ్లు ఇంకకుండా పొర లేకుంటే నీళ్లు నిలవవు. పోయే నేల మాత్రం ఖాయం: కుంటకే ఒక గుంట (ఎకరంలో నలభయ్యో వంతు), తీసిన మట్టి పోయడానికి దాదాపు ఇంకో గుంట. అందుకే రైతు పనికిరాని మూల చూపిస్తాడు. ఆ మూల పల్లంలో లేకపోతే వాన నీళ్లు అటు రావు. ఉపాధి హామీలో కూలి లెక్క తవ్విన మట్టి కొలతను బట్టే. నీళ్లు చేరాయా లేదా అన్నది ఏ కొలతల పుస్తకంలోనూ ఉండదు. నీళ్లు వచ్చే దారిలో పూడిక ఆపే చిన్న గుంత తీయకపోతే ఒండ్రు నేరుగా కుంటలో చేరి ఏటేటా మేట వేస్తుంది. పూడిక తీయడానికి మళ్లీ డబ్బిచ్చేవాళ్లు ఉండరు.

చెట్ల పథకాలది ఇంకో తిప్పలు. గట్టు చెట్లకు కేంద్రం తెచ్చిన పథకంలో సాయం నాలుగేళ్లకు 40, 20, 20, 20 శాతంగా విడగొట్టారు. మొక్క బతకాలి కాబట్టి కాగితం మీద అది సబబే. కానీ పంట తీశాక చేన్లన్నీ మేతకు వదిలేస్తారు. ఎరువుకోసం పిలిచిన గొర్లే మొక్క చిగురు కొరికేస్తాయి. ముళ్లకంపకూ, రెండు ఎండాకాలాల నీళ్లకూ అయ్యే ఖర్చు మాత్రం ముందే పెట్టాలి.

పైగా చేను చేసేది చాలాచోట్ల కౌలుదారు. కౌలు నోటిమాట మీద, ఏడాదికోసారి. పాసుబుక్కు లేనివాడికి సాయం రాదు, పట్టాదారు ఊళ్లో ఉండడు. వచ్చే ఏడు ఎవరు దున్నుతారో తెలియని గట్టుకు నీళ్లెవరు మోస్తారు?

అమెరికాలో 1985 నుంచి నడుస్తున్న పరిరక్షణ పథకం సాగు మానిన భూమికి పది, పదిహేనేళ్ల ఒప్పందంతో ఏటా కిరాయి కడుతుంది. మన దగ్గర భూమి పడావు పెట్టమనడం కుదరదు, కమతాలు చిన్నవి. కుంట కింద పోయిన రెండు గుంటలకైనా ఊరి కౌలు ధర ప్రకారం పదేళ్లు కట్టివ్వొచ్చు. అందులో సగం ఆ ఏడు చేను చేసినవాడికి, పూడిక తీశాక, వానాకాలంలో కుంటలో నీళ్లు చూసి ఇవ్వాలి.