ఇంకా పుట్టని మా వెబ్‌సైట్ గారికి

హనుమకొండ,
ఆదివారం సాయంత్రం

ఎక్స్‌టెన్షన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే చిన్న అదనపు ప్రోగ్రాములు, పంచుకోవడానికి రాబోతున్న, రాబోతూనే ఉన్న వెబ్‌సైట్ గారికి,

నమస్కారం. మీరు క్షేమమని అడగకుండానే తెలుసు. పుట్టనివాళ్లకు జబ్బులేముంటాయి!

2019లో నయీంనగర్‌లో చాయ్ తాగుతూ మేం ఐదుగురం మీకు ముహూర్తం పెట్టాం. అప్పుడు మాది వరంగల్ అర్బన్ జిల్లా. 2021లో హనుమకొండ జిల్లా అయింది. మీలో పూర్తయిన పేజీ ఒకే ఒక్కటి, 'మా గురించి'. అందులో మేమింకా అర్బన్‌లోనే కాపురముంటున్నాం. ఎవరైనా "ఏమైందయ్యా మీ సైటు" అని అడిగితే, 2006లో విప్పి మళ్లీ కడుతున్న వేయిస్తంభాల గుడి కల్యాణ మంటపాన్ని చూపించేవాళ్లం. పెద్ద పనులు అట్లనే ఉంటాయి మరి అనేవాళ్లం. 2024లో దాన్ని కూడా తెరిచేశారు. ఇప్పుడు మీ తరఫున దేన్ని చూపించమంటారు?

మీ అవసరం ఏమిటో మీకెవరూ చెప్పినట్టు లేదు. యూనివర్సిటీ చుట్టుపక్కల టైపింగ్ చేసి పేజీలు కట్టిచ్చే డీటీపీ సెంటర్లున్నాయి కదా. అక్కడి పాత ఫైళ్లలో చాలావరకు అను ఫాంట్లలో కొట్టినవే. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు ఉండదు, కోడి గీకినట్టు ఏవో గుర్తులుంటాయి. మాలో ఒక తమ్ముడు లిబ్రేఆఫీస్‌కు, అదే ఉచితంగా దొరికే ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కు, చిన్న ఎక్స్‌టెన్షన్ రాశాడు. మ్యాటర్ సెలెక్ట్ చేసి బటన్ నొక్కితే యూనికోడ్ తెలుగైపోతుంది, అంటే అను ఫాంటు లేకున్నా చదవొచ్చు. ఉచితం. దాన్ని పెట్టడానికి ఒక చోటు కావాలి, అంతే.

ప్రస్తుతం ఆ చోటు వాట్సాప్ గ్రూపు. అందులో నాలుగు ఫైళ్లున్నాయి: 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'ఇదే వాడండి', 'ముందుది వాడొద్దు'. వత్తులు చెడగొట్టనిది ఏదో రాసినవాడికి తప్ప ఎవరికీ తెలియదు. మొన్న వాడే తప్పు ఫైలు పంపాడు.

పోయిన నెల ఒక డీటీపీ అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, నువ్వు పంపింది విప్పిన. లోపట ఏవేవో ఫైళ్లున్నయి. ఏది నొక్కాలె?" తప్పు ఆమెది కాదు. లిబ్రేఆఫీస్ ఎక్స్‌టెన్షన్ ఫైలు నిజానికి జిప్పే, అంటే చాలా ఫైళ్లు కలిపి కట్టిన మూట. ఆమె కంప్యూటర్ దాన్ని జిప్ అనుకుంది, ఆమె విప్పింది. విప్పకుండా టూల్స్ మెనూలో ఎక్స్‌టెన్షన్స్ తెరిచి, యాడ్ నొక్కి, ఆ ఫైలు చూపించి, లిబ్రేఆఫీస్ ఒకసారి మూసి తెరవాలి. ఇంతే! డౌన్‌లోడ్ బటన్ కింద ఈ ఒక్క ముక్క రాసి ఉంటే ఆ ఫోన్ వచ్చేది కాదు. ఆ ముక్క రాయడానికి ఇన్నేళ్లలో ఒక్క నిమిషం దొరకలేదు. బటన్ రంగుకు మాత్రం మూడు మీటింగులు దొరికాయి.

లోగో సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. కాకతీయ తోరణం లేకుండా వరంగల్ వాళ్లం ఎట్లవుతాం అన్నారు. పెట్టాం. ఫోన్‌లో చూస్తే క్రికెట్ స్టంపుల్లా ఉంది.

రంగు గురించి మీ గురువులకు ఒక మనవి. ఒకసారి ఏనుమాముల మార్కెట్‌కు వెళ్లి మిర్చి బస్తాల మధ్య నిలబడమనండి. చపాటా చూడ్డానికి భగభగలాడే ఎరుపు, కారం తక్కువ. తేజ సన్నగా ఉంటుంది, నోట్లో పెడితే తెలుస్తుంది. కొనేవాడు బస్తాలో చెయ్యిపెట్టి చూస్తాడు, రకం అడుగుతాడు, తేమ చూస్తాడు. మా అక్క కూడా అంతే. ఏ వెర్షన్‌లో నడుస్తుంది, చివరిసారి ఎప్పుడు మార్చారు, రాసిందెవరు, కోడ్ ఎక్కడుంది? ఎక్స్‌టెన్షన్ అంటే బొమ్మ కాదు, లోపలికి వచ్చాక ఆమె ఫైళ్లన్నీ చదవగలదు. ముక్కూమొహం తెలియనివాణ్ణి ఇంట్లోకి రానిచ్చే ముందు ఊరూపేరూ అడగమా?

వెర్షన్ మాటొస్తే మీ డిజైన్ కాగితం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 'వెర్షన్ 7' అని రాసి వదిలేశారు. లిబ్రేఆఫీస్ ఆరు నెలలకోసారి కొత్తది వదులుతుంది, అంటే రెండు మేడారం జాతరల మధ్య నాలుగు. పైగా 7.6 తర్వాత వాళ్లు 2024లో సంవత్సరం లెక్కకు మారి 24.2 అన్నారు. అది చూసి అక్క "నడుమ పదహారు పోగొట్టుకున్ననా" అని టెన్షన్ పడింది. మీ నమూనా పేజీ అయితే ఇంకా తెలివైనది. మొదటి అంకె మాత్రమే చూసి 24 కంటే 7 పెద్దదని తేల్చి, పాతదాన్ని పైన పెట్టింది.

ఇక ఆ రిజిస్ట్రేషన్ ఫారం. ఉచిత ఫైలుకు పేరు, ఫోన్ నంబరు, ఓటీపీ, మళ్లీ పాస్‌వర్డులో ఒక పెద్దక్షరం, ఒక గుర్తు. దీన్ని యూజర్ ఫ్రెండ్లీ అంటున్నారు. ఫ్రెండ్ ఇంటికి వెళ్తే గేటు దగ్గర ఆధార్ అడుగుతారా ఎవరైనా? సెర్చ్ పెట్టె ఉందిగానీ తెలుగులో కొడితేనే పలుకుతుంది. అక్క ఇంగ్లిష్ అక్షరాల్లోనే తెలుగు కొడుతుంది. ఫోన్లో తెలుగు కొట్టేవాళ్లలో ఎంతమంది అట్లా కొడతారో మీకు తెలియంది కాదు.

నేను రేపు పొద్దున పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని ఆ సెంటర్‌కు వెళ్తున్నాను. 'ముందుది వాడొద్దు' అనే ఫైలే సరైనదట, ఇప్పుడే కనుక్కున్నాను. వచ్చే ఆదివారం మీ మీటింగ్ ఉంది. ఎజెండాలో డార్క్ మోడ్ ఒక్కటే ఉంది కాబట్టి నేను ఆలస్యంగా వస్తాను.

ఇట్లు,
మీ ఐదుగురు తండ్రుల్లో ఒకడు

తా.క.: డొమైన్ పేరుకు ఏటా డబ్బులు కడుతున్నాం. ఈసారి వంతు ఎవరిదో ఎవరూ ఒప్పుకోవడం లేదు.