సవరణ: ఆరా తీయొద్దని కాదు
అమెరికా క్రీడల వెబ్‌సైట్ గ్రాంట్‌ల్యాండ్ ఒకరి జెండర్ సంగతి బయటపెట్టిన కథనాన్ని తప్పుపడుతూ నేను మొన్న రాసిన పోస్టు చదివి విజయవాడ విలేకరి మిత్రులు కొందరు "అయితే అబద్ధాలు బయటపెట్టకూడదా?" అని అడిగారు. తప్పకుండా బయటపెట్టాలి. 2014 జనవరిలో వచ్చిన ఆ కథనం గోల్ఫ్ పటర్ (బంతిని గుంతలోకి నెట్టే కర్ర) తయారుచేసిన ఒకావిడ గురించి. ఆవిడ చెప్పుకున్న చదువులు నిజం కావని తేల్చడం విలేకరి పనే. కానీ ఆవిడ ట్రాన్స్ మహిళ (పుట్టినప్పుడు మగబిడ్డగా నమోదై, మహిళగా బతికేవారు) అన్న సంగతినీ అదే మోసాల పద్దులో రాశారు. అచ్చు కాకముందే ఆవిడ వ్యాపారంలో డబ్బు పెట్టిన ఒకరికి విలేకరి ఆ సంగతి చెప్పేశారు కూడా. ఇది ఘోరం. కథనం వచ్చేనాటికి ఆవిడ ప్రాణాలతో లేరు, ఆత్మహత్య చేసుకున్నారు. ఎడిటర్ తర్వాత క్షమాపణ చెప్పారు.

మన సుప్రీంకోర్టు 2014లో జెండర్‌ను ఎవరికి వారే నిర్ణయించుకోవచ్చంది, 2017లో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. రేపు గుంటూరు మిర్చి వ్యాపారి ఎవరైనా దొంగ లెక్కలు రాస్తే ఆ లెక్కలే రాయండి. ఆ వ్యాపారి ట్రాన్స్ వ్యక్తి అయినా సరే, పుట్టినప్పటి పేరు ఆ వార్తకు అక్కర్లేదు.